ఆన

మా నాయనమ్మ నోట ఒట్టు అనే మాట నేను వినలేదు. ఆవిడది ఆన. ఎండాకాలం సెలవుల్లో మేం చెరువు వైపు జారుకుంటున్నామని పసిగట్టిందంటే, అరుగు మీద కూర్చుని చింతపండు ఈనెలు తీస్తూనే, తలెత్తకుండా, "నా మీద ఆన, గట్టు దిగారంటే!" అనేది. అంతటితో ఆపేసేది. దిగితే ఏమవుతుందో చెప్పేది కాదు. మా కాళ్ళు మాత్రం అక్కడే పాతుకుపోయేవి.

అది ఆజ్ఞా, ఒట్టా? ఆజ్ఞ అయితే మీరినందుకు వీపు చిట్లేది మాకు. ఒట్టు అయితే తప్పినందుకు కీడు జరిగేది ఆవిడకు. ఆ ఒక్క మాటలో రెండూ ఉన్నాయి. మమ్మల్ని ఆపిందీ ఆవిడే, తన ప్రాణం తెచ్చి మా అరచేతిలో పెట్టిందీ ఆవిడే.

ఆవిడ పెద్దకొడుకు, మా పెదనాన్న, సైన్యంలో హవల్దారుగా చేసి ఇంటికొచ్చాడు. ఆయన మాటల్లో హుకుం ఎక్కువ. "హుకుం అంటే హుకుమేరా, దానికి ఎందుకూ ఏమిటీ ఉండవు" అనేవాడు. శిక్షణ ముగిశాక జరిగే కసం పరేడ్ గురించి చెప్పేటప్పుడు మాత్రం గొంతు మారేది. జెండా ముందు వరసగా నిలబెట్టారట. పండిట్‌జీ గీత పట్టుకొని వస్తే దాని మీద చెయ్యి పెట్టి, నేల మీదైనా నీళ్ళ మీదైనా గాలిలోనైనా ఎక్కడికి పొమ్మంటే అక్కడికి పోతామని, ప్రాణం మీదికొచ్చినా పైఅధికారి మాట జవదాటమని చెప్పారట. "కసం అంటే ఏంటి పెదనాన్నా?" అని అడిగితే, "ఇంకేముంది, మీ నాయనమ్మ పెట్టే ఆనే" అన్నాడు.

హుకుం ఒకటి, కసం ఒకటి. రెండూ అరబ్బీ నుంచి హిందుస్తానీలోకి వచ్చి బారకాసుల్లో స్థిరపడిన మాటలు. సైన్యానికి రెండు మాటలు కావలసివచ్చిన చోట మా ఇంట్లో ఒకటే సరిపోయింది. ఇన్నేళ్ళుగా నన్ను వదలనిది ఆ ఒక్క మాటే.

బడిలో ప్రకృతి వికృతులు వల్లెవేసినవాళ్ళకు గుర్తుండే ఉంటుంది: ఆజ్ఞ – ఆన. దాని వెనకే ప్రతిజ్ఞ – ప్రతిన, సంజ్ఞ – సన్న. సంస్కృతంలో ఆజ్ఞా, ప్రాకృతంలో ఆణా, మన దగ్గరికొచ్చేసరికి ఆన. ఆనకట్టలో ఉన్న ఆన దీనికి చుట్టం కాదు, అది ద్రావిడం. బడి పట్టిక ధ్వని మారిన తీరు చెప్పి ఊరుకుంటుంది, అర్థం చేసిన ప్రయాణం చెప్పదు. సంస్కృతంలో ఆజ్ఞ అంటే పైవాడి మాట. మన దగ్గర దానికి ఒట్టు కూడా తోడైంది. తమిళుల ఆణై, కన్నడిగుల ఆణె కూడా ఇంతే, ఆజ్ఞా అవుతాయి, ఒట్టూ అవుతాయి. రాజు ఆన అంటే రాజు ఆజ్ఞ. దేవుడి ఆన అంటే దేవుడి మీద ఒట్టు. ఎక్కడో పైనుంచి దిగే మాటకూ, మనిషి లోపలినుంచి లేచే మాటకూ మన పూర్వులు వేరువేరు పేర్లు అక్కర్లేదనుకున్నారు. ఎందుకనుకున్నారో నేను చెప్పలేను గానీ, ఆ అనుకోవడం వెనక ఒక అనుభవం ఉందని నమ్ముతాను. ఒట్టు లేని ఆజ్ఞ ఎంతో దూరం పోదు. పెట్టిన ఆనను అవతలివాడు తనదిగా ఒప్పుకుంటేనే అది ఆన అవుతుంది.

ఇంకొంచెం లోతుకు పోతే ధాతువు తగులుతుంది: జ్ఞా, ఎరుగు. సంస్కృతంలో ఆ ఉపసర్గతో కలిసినప్పుడు దాని అర్థం తెలుసుకోవడం, గ్రహించడం. ప్రేరణార్థకంలో తెలియజేయడం, అక్కణ్ణుంచి ఆదేశించడం. అంటే ఆజ్ఞాపించడం మొదట ఎరుకపరచడమే. తెలుగులో ఈ కుటుంబాన్ని ఒకసారి వరసగా నిలబెట్టి చూడండి. పైనుంచి కిందికి దిగేది ఆనతి. కిందినుంచి పైకి పోయేది విన్నపం, విజ్ఞాపన నుంచి వచ్చింది. కంటితో చేసేది సన్న. ఒకరి కనుసన్నల్లో మెలగడమంటే నోరు మెదపకుండానే లోబడడం. తనకు తాను పెట్టుకొనేది ప్రతిన. ఒప్పుకోలు అనుజ్ఞ. లెక్కచెయ్యకపోవడం అవజ్ఞ. ఒక సిపాయి బతుకు మొత్తం ఈ ఐదారు మాటల మధ్య గడిచిపోతుంది, అన్నిటిలోనూ ఉన్నది ఆ ఎరుకే.

ఇది కేవలం వ్యుత్పత్తి సరదా అని నేననుకోను. తుపాకీకి ఎవరూ ఆజ్ఞ ఇవ్వరు. దాని మీట నొక్కుతారు, అంతే. ఆజ్ఞ మనిషికే ఇస్తారు, ఎరిగేవాడికే ఇస్తారు. ఎరగడానికి వీల్లేదు, చెయ్యడం ఒకటే నీ పని అన్నప్పుడు ఆజ్ఞ తన వేరునే తెగ్గొట్టుకుంటుంది.

ఈ మాట మన నేల మీద ఎంత పాతదో చూడాలంటే కర్నూలు జిల్లా ఎర్రగుడికి పోవాలి. గుత్తి దగ్గర్లో, పొలాల మధ్య బండరాళ్ళ గుట్ట. అశోకుడి పెద్ద శిలాశాసనాలు 14, వాటితోపాటు చిన్న శాసనాలూ అక్కడ ఉన్నాయి. చిన్న శాసనంలో కొన్ని పంక్తులు ఎడమ నుంచి కుడికి, మరికొన్ని కుడి నుంచి ఎడమకు, దుక్కి దున్నే ఎద్దు మళ్ళినట్టు నడుస్తాయి. ఆ బ్రాహ్మీ అక్షరాల్లో ఉన్న సంగతి ఏమిటంటే, రజ్జుకుడనే అధికారికి ఆజ్ఞ ఇవ్వాలి, అతను జనపదానికి ఆజ్ఞ ఇస్తాడు అని. రాజు, అతని కింద అధికారి, వాడి కింద జనం. ఒకరినుంచి ఒకరికి ఆన దిగే మెట్లు. అక్కడ వాడిన క్రియ ఆనపయిసతి. మా నాయనమ్మ మాటకు 2200 ఏళ్ళకు పైబడిన పెద్దమ్మ. ఏం చెయ్యమని ఆ ఆజ్ఞ? తల్లిదండ్రుల మాట వినమని, ప్రాణుల మీద దయ చూపమని, నిజం చెప్పమని.

అదే గుట్ట మీద 13వ శిలాశాసనం కూడా ఉంది. కళింగలో లక్షమంది చచ్చారని, లక్షన్నరమందిని పట్టుకుపోయారని, అందుకు రాజు బాధపడుతున్నాడని చెప్పే శాసనం. కళింగ గడ్డ మీదున్న ధౌలి, జౌగడల్లో దాన్ని చెక్కించలేదు, ఎర్రగుడిలో చెక్కించారు. ఆ పశ్చాత్తాపం ఆజ్ఞ ఇచ్చినవాడిది. ఆజ్ఞ అందుకొని నరికినవాళ్ళు ఆ రాత్రి ఎలా పడుకున్నారో ఏ రాయి మీదా లేదు.

ఆ శాసనమే ఖరోష్ఠీ లిపిలో వాయవ్యాన, మర్దాన్ పక్కన షాబాజ్‌గఢీలో ఉంది. అక్కణ్ణుంచి పెషావర్ ఎంతో దూరం కాదు. నేను చెప్పదలచిన సిపాయి కథ ఆ పెషావర్‌ది.

1930 ఏప్రిల్ 23. ఖాన్ అబ్దుల్ గఫార్ ఖాన్‌నూ స్థానిక కాంగ్రెస్ నాయకులనూ అరెస్టు చేశారని కిస్సా ఖ్వానీ బజారులో జనం పోగయ్యారు. చేతుల్లో ఆయుధాల్లేవు. సాయుధ శకటాలు వచ్చాయి, కాల్పులు జరిగాయి. ఎంతమంది పోయారన్నదాంట్లో సర్కారు లెక్కకూ జనం లెక్కకూ పొంతన లేదు. అక్కడికి పంపిన దళాల్లో రాయల్ గఢ్వాల్ రైఫిల్స్ రెండో బెటాలియన్‌వాళ్ళూ ఉన్నారు. వాళ్ళలో రెండు ప్లటూన్లు ఆయుధం లేని జనం మీద తుపాకీ ఎత్తబోమని నిలిచిపోయాయి. ముందు నిలబడినవాడు హవల్దార్ చంద్రసింగ్ భండారీ, తరవాత దేశమంతా చంద్రసింగ్ గఢ్వాలీ అన్నది ఆయన్నే. 1914లో సైన్యంలో చేరి, మొదటి ప్రపంచ యుద్ధంలో ఫ్రాన్సులోనూ మెసొపొటేమియాలోనూ పోరాడి వచ్చినవాడు. కాల్చమని కెప్టెన్ అరిస్తే, కాల్పులు ఆపమని ఈయన అంతకన్నా గట్టిగా అరిచాడని గఢ్వాల్‌లో చెప్పుకుంటారు.

ఆయన కాదన్నందువల్ల ఆ రోజు నెత్తురు ఆగలేదు. కాల్చేవాళ్ళు కాల్చారు. అది దాచి ఈ కథ చెప్పడం నాకిష్టం లేదు. గఢ్వాలీల ఆయుధాలు తీసుకొని కోర్ట్ మార్షల్ చేశారు. చంద్రసింగ్‌కు యావజ్జీవ ప్రవాస శిక్ష, తోటివాళ్ళకు ఏళ్ళ తరబడి జైళ్ళు. ఆయన 1941లో గానీ బయటికి రాలేదు.

ఆ ఏప్రిల్ నెలే దండిలో గాంధీ ఉప్పు చేతికి తీసుకున్న నెల. సిపాయిని మన దేశంలో ఉప్పు తిన్నవాడనే అంటారు, ఉప్పు తిన్నందుకు విశ్వాసం చూపాలంటారు. ఒక చోట ఉప్పు చట్టం విరిగింది, ఇంకో చోట ఉప్పు విశ్వాసం విరిగింది. రెంటినీ ఒకే గాట కట్టాలనిపిస్తుంది. గాంధీ కట్టలేదు.

1931 మార్చిలో గాంధీ, ఇర్విన్ ఒప్పందం కుదిరి సత్యాగ్రహ ఖైదీలను వదిలేశారు. ఆజ్ఞ ఉల్లంఘించి శిక్షపడ్డ సిపాయిలకూ పోలీసులకూ అది వర్తించదని ఒప్పందంలోనే రాశారు. గఢ్వాలీలు లోపలే ఉండిపోయారు. ఆ ఏడాది గాంధీ రౌండ్ టేబుల్ సమావేశానికి లండన్ వెళ్ళినప్పుడు ఒక ఫ్రెంచి పాత్రికేయుడు ఇదే అడిగాడు. ఆయన జవాబు సారాంశం ఇది: కాల్చమన్న ఆజ్ఞను మీరిన సిపాయి తాను చేసిన ప్రమాణాన్ని మీరినట్టే, అది నేరమే, రేపు మేం అధికారంలోకి వస్తే ఈ సిపాయిలతోనే పని చేయించుకోవాలి, ఇప్పుడు మీరడం నేర్పితే అప్పుడూ మీరతారు.

మొదటిసారి చదివినప్పుడు నాకు కోపం వచ్చింది. అహింసను నమ్మినవాడే కాల్చనన్నవాణ్ణి తప్పుపట్టడమా అని. తరవాత చాలాసార్లు చదివాను. గాంధీ తూకం వేసింది ఆజ్ఞను కాదు, ఒట్టును. హుకుం మాట అటుంచి, కసం ఏమైంది అని అడిగాడు. ఒట్టు పెట్టుకొని తుపాకీ తీసుకున్నవాడు తనకు నచ్చినప్పుడు ఒట్టు గట్టు మీద పెడితే, ఇవాళ కాల్చనన్నట్టే రేపు ఇంకొకడు తన మనస్సాక్షి చెప్పిందంటూ ఆజ్ఞ లేకుండానే కాలుస్తాడు. ఆన తప్పిన సైన్యం ఊళ్ళ మీద పడితే ఏమవుతుందో చరిత్ర చదివినవాళ్ళకు చెప్పనక్కర్లేదు. ఆ భయం నిజమైనదే. అయినా ఆయనతో నేను ఏకీభవించలేను. ఎందుకో చెప్పడానికి లక్ష్మణుడి దగ్గరికి పోతాను.

ఉత్తరకాండలో లక్ష్మణుడికి రెండు ఆజ్ఞలు ఉన్నాయి. ఒకటి, సీతను గంగ దాటించి అడవిలో వదిలి రమ్మని. రాముడు ఆ మాట చెప్పి ఊరుకోలేదు, తన ప్రాణం మీద ఆన పెట్టి తమ్ముళ్ళ నోరు కట్టేశాడు. ఆజ్ఞా ఒట్టూ అక్కడ అచ్చంగా మా నాయనమ్మ మాటలోలాగే కలిసిపోయాయి. లక్ష్మణుడు ఏడుస్తూ తీసుకెళ్ళాడు, వదిలేశాడు. ఆయన చేసింది తప్పని మన ఇళ్ళలో ఆడవాళ్ళు ఎన్ని తరాలుగా అనుకుంటున్నారో!

రెండోది చివర్లో వస్తుంది. కాలపురుషుడు రాముడితో ఏకాంతంగా మాట్లాడుతున్నాడు. మధ్యలో వచ్చినవాడికి మరణమే అని రాముడు మాటిచ్చాడు. వాకిట కాపలా లక్ష్మణుడు. దుర్వాసుడు వచ్చాడు, ఇప్పుడే లోపలికి చెప్పకపోతే రాజ్యాన్నీ వంశాన్నీ శపిస్తానన్నాడు. కాపలావాడు నిలబడి ఆలోచించాడు. అందరూ పోవడం కంటే నేనొక్కణ్ణి పోవడం మేలనుకొని తలుపు దాటాడు. రాముడు మాట తప్పలేడు, లక్ష్మణుడు శిక్ష తప్పించుకోవాలనుకోలేదు. సరయూ నదికి నడిచిపోయాడు.

పద్నాలుగేళ్ళు నిద్ర మానుకొని అన్న మాట జవదాటనివాడని మనం కొలిచే లక్ష్మణుడు, ఆఖరి పనిగా ఆజ్ఞ దాటాడు. దాటి, మూల్యం తన మెడ మీద వేసుకున్నాడు. చంద్రసింగ్ చేసింది నాకు ఆ రెండో ఆజ్ఞ దగ్గర లక్ష్మణుడు చేసినట్టే కనిపిస్తుంది. పారిపోలేదు. తుపాకీ తిప్పి అధికారిని కాల్చలేదు. ఒట్టు తప్పితే ఏ కీడు తగులుతుందో ఆ కీడును తన మీదికి రానిచ్చాడు. గాంధీ జీవితమంతా సత్యాగ్రహికి నేర్పింది అదే కదా.

1934 ఆగస్టులో జర్మనీ సైనికుల ఒట్టు మారింది. ప్రజల పేరూ దేశం పేరూ పోయి మనిషి పేరు వచ్చింది, హిట్లర్‌కు షరతుల్లేకుండా లోబడతామని దేవుడి సాక్షిగా చెప్పించారు. తరవాత ఎందరో అధికారులు ఆ ఒట్టునే అడ్డం పెట్టుకున్నారు. దేవుడి మీద ప్రమాణం చేశాం, ఎలా తప్పుతాం అన్నారు. 1945లో యుద్ధ నేరస్థుల విచారణకు రాసుకున్న నియమావళి, పైవాడి ఆజ్ఞ అన్నంతమాత్రాన బాధ్యత పోదని తేల్చింది. శిక్ష తగ్గించడానికి దాన్ని లెక్కలోకి తీసుకోవచ్చంది, అంతవరకే.

మన చట్టం భాష కూడా చూడదగ్గది. 2024 దాకా అమల్లో ఉన్న 1860 నాటి భారత శిక్షాస్మృతిలో 76వ సెక్షన్ కింద ఒక ఉదాహరణ ఉండేది. చట్టం ఆదేశాలకు అనుగుణంగా, పైఅధికారి ఆజ్ఞ మీద, ఒక సిపాయి గుంపు మీద కాలుస్తాడు; అతను నేరం చేయలేదు. ఆ 'చట్టం ఆదేశాలకు అనుగుణంగా' అన్న ముక్క తీసేస్తే మొత్తం కూలిపోతుంది. 1950 సైనిక చట్టం 41వ సెక్షన్ ఆజ్ఞ మీరినవాడికి పద్నాలుగేళ్ళ దాకా జైలు అంటుంది, కానీ మీరింది చట్టబద్ధమైన ఆజ్ఞ అయితేనే. ఆ విశేషణం బరువు మోసేది ఎవరు? గదిలో కూర్చున్న న్యాయమూర్తి తరవాత మోస్తాడు. బజారులో, దుమ్ములో, చెవులు హోరెత్తే అరుపుల మధ్య, వేలు మీట మీద పెట్టినవాడు ఒక్క క్షణంలో మోయాలి. ఎరిగేవాడికే ఆజ్ఞ ఇస్తారని అన్నది ఇందుకే.

ఆ ఎరుకకు మనం పెట్టుకున్న పేరు మనస్సాక్షి. తెలుగు బైబిల్లోనూ అదే మాట. సాక్షి అంటే సాక్షాత్తూ చూసినవాడని పాణిని వ్యుత్పత్తి. యూరప్ భాషల్లోని కాన్షియన్స్‌కు మూలమైన లాటిన్ మాటలో చూపు లేదు, తోడు ఉంది. కలిసి ఎరగడం అని దాని అర్థం. అచ్చతెలుగులో చెప్పాలంటే తోడెరుక. ఈ మాట నేను కట్టుకున్నదే గానీ, దాని ముడిసరుకు మన వీధిలోనే ఉంది. అమ్మతోడు, దేవుడి తోడు అని మనం రోజూ ఒట్టు పెట్టుకుంటూనే ఉన్నాం. అమ్మ పక్కన ఉంది, నేనెరిగింది ఆమే ఎరుగును అని. ఆజ్ఞకు ఇద్దరు చాలు, ఇచ్చేవాడు, పుచ్చుకొనేవాడు. ఒట్టుకు మూడో మనిషి కావాలి, తోడుండేవాడు. సైన్యాలు సిపాయి చేత ఒట్టు పెట్టించుకునేది అతన్ని గట్టిగా కట్టెయ్యడానికి. కానీ గీత మీదో, బైబిల్ మీదో, ఖురాన్ మీదో చెయ్యి పెట్టించినప్పుడే మూడోవాణ్ణి పిలిచినట్టయింది. పిలిచాక, కాల్చే వేళ నువ్వు పక్కకు పో అంటే అతను పోతాడా? ఒట్టు తప్పావని గాంధీ చంద్రసింగ్‌ను అన్నాడు. ఆ ఒట్టుకు తోడుగా పిలిచినవాడి ముందు తప్పలేదని నేను అనుకుంటున్నాను.

ఇక మన భాషలో నాకు లోటుగా కనిపించేది చెబుతాను. చంద్రసింగ్ చేసినదానికి పేరేమిటి? ధిక్కారం, ఉల్లంఘన, అవిధేయత, తిరుగుబాటు. అన్నీ ఆజ్ఞ ఇచ్చినవాడి కుర్చీలోంచి చూసి పెట్టిన పేర్లే. ఆజ్ఞ లేకుండా కాల్చినవాడికీ, ఆజ్ఞ ఉన్నా కాల్చనన్నవాడికీ ఆ పేర్లు ఒకేలా అతుకుతాయి. గాంధీ భయం కూడా కొంతవరకు ఆ పేర్లలోంచే పుట్టిందేమో. పాత తెలుగులో ఒల్లు అని ఒక క్రియ ఉండేది, ఇష్టపడు, సమ్మతించు అని. ఎక్కువగా వ్యతిరేకార్థంలోనే బతికింది: ఒల్లను. చేతగాదు అని కాదు, చెయ్యకూడదు అనీ కాదు, నా లోపల దీనికి ఒప్పుదల లేదు అని. అవతలివాణ్ణి తిట్టడం అందులో లేదు, కత్తి దూయడమూ లేదు. కావ్యాల్లో ఎక్కువగా ప్రేమకూ భోగానికీ సంబంధించి కనిపించే ఆ మాటను పెషావర్ బజారుకు తీసుకెళ్ళాలని నా కోరిక.

ఈ సంగతులన్నీ పెదనాన్నతో ఒక సాయంత్రం చెప్పాను. అప్పటికి నాయనమ్మ పోయి చాలా ఏళ్ళయింది. అదే అరుగు. గఢ్వాలీలంటే ఆయనకు గౌరవం, వాళ్ళతో కలిసి పనిచేశానని చెప్పేవాడు. చంద్రసింగ్ కథ మాత్రం ఎరగడు. మొత్తం విన్నాడు. మధ్యలో ఒకసారి, "శిక్ష వేశారుగా" అన్నాడు. వేశారన్నాను. "వెయ్యాలి" అన్నాడు. కాసేపాగి, "వేస్తారని తెలిసే నిలబడ్డాడుగా" అన్నాడు.

"మీకెప్పుడైనా అలాంటి హుకుం వచ్చిందా పెదనాన్నా?"

"రాలేదు."

"వచ్చుంటే?"

బీడీ ఆరిపోయింది. వెలిగించుకోలేదు. చెరువు వైపు చూస్తూ కూర్చున్నాడు, గట్టు మీద పిల్లలెవరో ఆడుకుంటున్నారు.

"ఆన పెట్టి చెప్పలేనురా" అన్నాడు.